ఇచ్చోడ ఉమ్మెత్త

సెప్టెంబర్ 8, 2024

మమతారాణి మేడంకి ఉమ్మెత్త పిచ్చి పట్టింది. మా బోటనీకి హెడ్ ఆమె, కాంట్రాక్ట్ లెక్చరర్‌ని నేను, కాబట్టి పిచ్చి నాకు బదిలీ అయింది. "రుబీనా, మన కరీంనగర్ల, ఆదిలాబాద్ల దొరికే ఉమ్మెత్తలన్ని ఏరుకరా. ఏది ఏ జాతో తేల్చి, ఆరబెట్టి అట్టలకంటించి షీట్లు చెయ్యి. డిసెంబర్ల తనిఖీకి వస్తున్నరు" అంది.

పుస్తకంలో చూస్తే చాలా తేలిక. కాయ నిటారుగా నిలబడితే స్ట్రమోనియం. తల వంచితే మిగతా రెండింట్లో ఒకటి. ఆకు నున్నగా ఉండి కాయ మీద పొట్టి మొద్దు ముళ్లుంటే మెటెల్. మొక్కంతా మెత్తని నూగు ఉండి, కాయకి సన్నని పొడుగు ముళ్లుంటే ఇనాక్సియా. ఇంతే. దసరాలోపు చేసి పారేస్తాను.

అమ్మీకి చెప్తే నవ్వింది. "ధతూరా ధతూరానే. దానికి మల్ల ఇంటిపేర్లు గూడనా?"

సెప్టెంబర్ 15

వేములవాడ వెళ్లాను. రాజన్నకి ఉమ్మెత్త పూలు ఎక్కిస్తారు కాబట్టి గుడి దారిలో వెతుక్కునే పని లేదు, బుట్టల్లోనే ఉంటాయి. శంకరవ్వ అనే పూలమ్మే ఆమె దగ్గర ఆగాను. పూలు కాదు, వేళ్లతో సహా చెట్టు కావాలంటే నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత మొహంలో ఏదో వెలిగింది.

"నువ్వు కండక్టర్ సాబ్ బిడ్డవు గదా? నిజాముద్దీన్ సాబ్ బిడ్డవు. అదే ముక్కు."

అవునన్నాను.

"మంచి మనిషి. బస్సు ఆగంగనే వచ్చి నల్ల ఉమ్మెత్త ఆకు అడిగి తీస్కపోయేటోడు, ఇంట్ల ఆమెకు దమ్ము అని. ఇప్పుడెట్లున్నదమ్మా ఆమెకు?"

ఇన్‌హేలర్ వాడుతోందని చెప్పాను. అబ్బా పోయి రెండేళ్లయిందని కూడా చెప్పాను. శంకరవ్వ పూలబుట్ట మీద గుడ్డ కప్పి లేచింది. తర్వాత తన ఇంటి వెనక నుంచి ఊదారంగు కాండం ఉన్న రెండు మొక్కలు పీకించి తెచ్చింది.

బస్సులో వస్తుంటే గుర్తొచ్చింది. అమ్మీ దుప్పటి కప్పుకుని కూర్చునేది, అబ్బా ధూపపు గిన్నెలో నిప్పుల మీద ఎండుటాకు వేసి ఆ ఊద్‌దాన్‌ని దుప్పటి కిందికి తోసేవాడు. మేం దగ్గరికి రాకుండా తలుపు దగ్గర వేలు చూపించి బెదిరించేవాడు. డాక్టర్ తిట్టాక మానేశారు.

సెప్టెంబర్ 19

వేములవాడ మొక్కల లేత కాయలు నిటారుగానే ఉన్నాయి. అంటే స్ట్రమోనియమా? ఆకులేమో నున్నగా, కాండం ఊదా, ఎటు చూసినా మెటెలే. లేతప్పుడు అన్నీ నిటారుగానే ఉండి ముదిరాక తల వంచుతాయట. ఈ ముక్క పుస్తకంలో కింద చిన్న అక్షరాల్లో ఉంది.

సెప్టెంబర్ 28

కాలేజీ పిల్లల్ని తీసుకుని ఇచ్చోడ. ఇంత దూరం రావడమే ఓ ప్రహసనం, నిర్మల్ దాటేసరికి సగం మందికి వాంతులు.

హైవే పక్కన పత్తి చేను గట్టు మీద గుంపుగా ఉన్నాయి ఉమ్మెత్తలు. ఆకులు బూడిదరంగులో ఉన్నాయి. లారీల దుమ్ము అనుకుని నా సీసా నీళ్లతో కడిగాను. పోలేదు. మళ్లీ కడిగాను. పోలేదు. అప్పుడు వేలితో తడిమి చూస్తే మెత్తగా, దూడ చెవిలా ఉంది. నూగు! పిల్లలు ఒకటే నవ్వు. "మేడం, సబ్బు తేవాల్నా?"

సరే, నూగు కాబట్టి ఇనాక్సియా. కానీ కాయల ముళ్లు పొడుగూ కాదు, పొట్టీ కాదు. మేడంని అడిగితే "పెరుగుతయి" అంది. పెరగకపోతే?

ఆకులు ఎక్కువే కోసుకొచ్చాను. పాత పేపర్ల మధ్య పెట్టి డాబా మీద బరువు పెట్టాను.

అక్టోబర్ 2

మబ్బు పట్టింది. అమ్మీకి ఊపిరి ఆడక పొద్దంతా గోడకి ఆనుకుని కూర్చుంది. ఇన్‌హేలర్ కొట్టుకోమంటే, "గుండె దడదడ కొట్టుకుంటది బిడ్డా. చేతులు వణుకుతయి. నాతోని కాదు" అంది. అయినా బతిమాలి రెండుసార్లు పీల్చేలా చేశాను. కోపం తెచ్చుకుంది నా మీద.

అక్టోబర్ 9

పేపర్లు తిరగేశాను. ఇచ్చోడ ఆకులు తగ్గినట్టున్నాయి. గాలి కాబోలు.

అక్టోబర్ 11

అమ్మీ హుషారుగా ఉంది! దగ్గు లేదు, పిల్లికూతలు లేవు. మెట్లెక్కి డాబా మీద మిరపచెట్టుకి నీళ్లు కూడా పోసి వచ్చింది. ఇన్‌హేలర్ పని చేస్తోందన్నమాట. నేను చెప్పానా లేదా అంటే, "నువ్వు చెప్పినట్టే, నువ్వు చెప్పినట్టే" అని నవ్వి మాట తప్పించింది.

అక్టోబర్ 15

కాలేజీ నుంచి వచ్చేసరికి అమ్మీ గదిలో ఊద్ పొగ. మా ఇంట్లో ఊద్ వేసేది జుమ్మేరాత్ నాడు, అంటే గురువారం, మగ్రిబ్ నమాజ్ అయ్యాక. ఇవాళ మంగళవారం. అడిగితే, ఇల్లంతా ముక్కిన వాసన వస్తోందంది. వాసన మాత్రం సాంబ్రాణి లోబాన్‌లా లేదు, గడ్డి కాలినట్టుంది. టవర్ సర్కిల్ దగ్గర దుకాణం వాడు కల్తీది అంటగట్టి ఉంటాడు. వాడి సంగతి చెప్పాలి.

అక్టోబర్ 18

భోజనానికి అమ్మీ మూడు కంచాలు పెట్టింది, ఉన్నది ఇద్దరం.

నేను చూశాను. తనూ చూసింది. మూడోది తీసేసి తినడం మొదలుపెట్టింది.

అక్టోబర్ 20

అమ్మీది జమ్మికుంట దగ్గర పల్లె. నాతో, మా అన్న ముకర్రం భాయ్‌తో ఎప్పుడూ తెలుగే. దక్కనీ ఉర్దూ మాట్లాడేది అబ్బా ఒక్కడితోనే. చిన్నప్పుడు పక్క గదిలోంచి దక్కనీ వినబడితే అబ్బా డ్యూటీ దిగి వచ్చాడని అర్థం.

ఇవాళ పక్క గదిలోంచి దక్కనీ వినబడింది.

"ఆగయే? పానీ లావూఁ?"

వచ్చారా, నీళ్లు తేనా అని అడుగుతోంది అమ్మీ. నేను వంటింట్లో నిలబడిపోయాను. నిజం చెప్పాలంటే మొదట భయం వేయలేదు. టవల్ ఎక్కడుందో అని చూశాను, అబ్బాకి ఇవ్వడానికి. ఆ తర్వాత వేసింది భయం.

అక్టోబర్ 22

బాగానే ఉంది. నిద్రమత్తులో మాట్లాడి ఉంటుంది.

అక్టోబర్ 24

బాగా లేదు. పొద్దున ఖురాన్ ముందు కూర్చుని, "అక్షరాలు నడుస్తున్నయి రుబీ. పట్టుకుందామంటే ఆగుతలేవు" అంది. అద్దాలు మార్చాలి. నోరు ఎండిపోతోందని చెంబుల కొద్దీ నీళ్లు తాగింది. మొహం ఎర్రగా ఉంది. కళ్లు మాత్రం పెద్దగా, నల్లగా, పెళ్లికూతురి కళ్లలా మెరుస్తున్నాయి. ఈ వయసులో కళ్లకి సుర్మా కాటుక ఎవరి కోసం అని ఆటపట్టించాను. సుర్మా పెట్టుకోలేదట.

అక్టోబర్ 26

ముకర్రం భాయ్‌కి ఫోన్ చేశాను. నిజామాబాద్‌లో టైర్ల దుకాణం వదిలి రాలేడు, అయినా పరేషాన్ అయ్యాడు. "అమ్మీ వాళ్ల అమ్మకు గూడ గిట్లనే అయ్యింది గదా. ఆఖరికి ఎవర్ని గుర్తుపట్టలే. నేను తీస్కపోత. నువ్వు కాలేజికి పోతె ఆమెను చూసెటోళ్లెవరు?"

అమ్మమ్మ సంగతి నాకు గుర్తుంది. నన్ను చూసి ఇల్లు ఊడ్చే పిల్ల అనుకునేది. అమ్మీకి అదే వస్తుందా? అమ్మీ నన్ను మర్చిపోతుందా? ఈ ఒక్క ప్రశ్నకి ఏ పుస్తకంలోనూ చిన్న అక్షరాల్లో కూడా జవాబు లేదు.

అక్టోబర్ 29

పెద్దాసుపత్రి. డాక్టర్ నెమ్మదిగా, మంచిగా మాట్లాడాడు. మతిమరుపు జబ్బు మొదలవుతూ ఉండొచ్చు, తలకి స్కాన్ తీయిద్దాం అన్నాడు. ఏం మందులు వాడుతుందని అడిగాడు. ఇన్‌హేలర్, బీపీ గోలీ అన్నాను. నాటు మందులేమైనా? ఏం లేవు సార్, నేను బోటనీ చెప్తాను, అట్లాంటివి మా ఇంట్లో వాడం అన్నాను. కొంచెం గర్వంగానే అన్నాను.

నవంబర్ 4

మేడం చూస్తానంటే ఉమ్మెత్తలన్నీ కట్టగట్టి కాలేజీకి పట్టుకెళ్లాను. వేములవాడవి మెటెల్, అందులో అనుమానం లేదు, కాయలు ముదిరి తలలు వంచాయి. మానేరు ఒడ్డున దొరికినది స్ట్రమోనియం, కాయ సిపాయిలా నిలబడి ఉంది. ఇచ్చోడవే తేలలేదు. వాటి ఆకులు ఇన్నేనా తెచ్చావు అని మేడం అడిగింది. సగం కూడా లేవు. ఎలకలా? ఎలకలు ఉమ్మెత్త తింటాయా?

నవంబర్ 9

వారమంతా అమ్మీ ముత్యంలా ఉంది. నా జడ చూసి తిట్టింది, పక్కింటి కోడలి మీద చాడీలు చెప్పింది, ఖురాన్ పాత అద్దాలతోనే హాయిగా చదివింది. దమ్ము మాత్రం మళ్లీ మొదలైంది. ఒకటి తగ్గితే ఒకటి.

భాయ్‌కి చెప్పాను. "గట్లనే ఉంటది, ఒకరోజు మంచిగ ఒకరోజు చెడ్డగ" అన్నాడు. తీసుకెళ్లడానికి గది సర్దించాడట.

నవంబర్ 11

కట్టలు ఇంటికి తెచ్చాను. ప్రశాంతంగా కూర్చుని లెన్స్‌తో చూడాలి.

నవంబర్ 14

సెకండియర్ వాళ్లకి ఉమ్మెత్త విషం పాఠం చెప్పాను. నోరు ఎండటం, మొహం ఎర్రబడటం, కంటిపాప విప్పారటం, దగ్గరివి మసకబారటం, లేనివి కనబడటం, లేనివాళ్లతో మాట్లాడటం. పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు. ఒక అమ్మాయి, "మేడం, గా టైంల వాళ్లకు సంతోషమైతదా, భయమైతదా?" అని అడిగింది. పుస్తకంలో లేదన్నాను.

ఇంటికొస్తే అమ్మీ గోడతో దక్కనీలో మాట్లాడుతోంది. నవ్వుతోంది. గోడ కాదు, నాకు తెలుసు. అబ్బా కూర్చునే కుర్చీ అటే ఉండేది.

నవంబర్ 17

రాయాలని లేదు.

అమ్మీ నన్ను గుర్తుపట్టలేదు. అన్నం తీసుకెళ్తే కంచం కేసి, నా కేసి చూసింది. "ఎవలమ్మ నువ్వు? మా ఆయన డ్యూటీ దిగి వచ్చిండు, పండుకున్నడు. మల్ల రా" అంది. మర్యాదగా అంది. బయటి మనుషులతో మాట్లాడినట్టు.

నేను నిజంగానే బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. భాయ్‌కి ఫోన్ చేసి వచ్చి తీసుకెళ్లమన్నాను. నేనే అన్నాను.

నవంబర్ 19

పొద్దున భాయ్ వచ్చాడు. ముందు ఆసుపత్రికి తీసుకెళ్లి గోలీలు రాయించుకుని, అటు నుంచి అటే నిజామాబాద్. నేను సంచీ సర్ది పంపాను. ఆటో ఎక్కేటప్పుడు అమ్మీ వెనక్కి తిరిగి నా వైపు కాదు, గది కిటికీ వైపు చెయ్యి ఊపింది.

ఇంట్లో ఏం చెయ్యాలో తోచక అమ్మీ గది ఊడ్చాను. మంచం కింద ఊద్‌దాన్ నిండా బూడిద. ఎప్పుడూ తనే పారబోస్తుంది. పారబోస్తుంటే అడుగున కాలకుండా మిగిలిన ముక్క ఒకటి పేపర్ మీద పడింది. ఆకు. ఒక అంచు నల్లగా మాడి, ఇంకో అంచు బూడిదరంగులో ఉంది. బూడిద అంటిందేమో అని ఊదాను. పోలేదు. వేలితో తడిమాను.

దూడ చెవి.

లెన్స్ అక్కర్లేదు, అయినా తెచ్చి చూశాను. నూగు. ఇచ్చోడ హైవే మీద నేను రెండుసార్లు కడిగిన నూగు.

గాలి కాబోలు. ఎలకలు కాబోలు. కల్తీ లోబాన్. పెళ్లికూతురి కళ్లు. పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు. యా అల్లా, నేను పాఠం చెప్పాను!

భాయ్‌కి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆటో దొరికేదాకా ఆగలేక మంకమ్మతోటలోని మా ఇంటి నుంచి నడిచాను, సగం దూరం పరుగెత్తాను. ఆసుపత్రి వరండాలో అమ్మీ బెంచీ మీద కూర్చుని గాలిలోంచి ఏవో దారాలు ఏరుతోంది. ఆకు ముక్క అరచేతిలో పెట్టుకుని డాక్టర్ గదిలోకి చెప్పకుండా దూరాను. ఆయన కోప్పడలేదు. టార్చి తెచ్చి అమ్మీ కళ్లలో వేశాడు. వెలుగు పడినా కంటిపాపలు చిన్నవి కాలేదు. ఈసారి మళ్లీ అడిగాడు, నాటు మందులేమైనా? ఈసారి ఉన్నాయన్నాను. మతిమరుపు గోలీలు రాయడం ఆపి, ముందు రెండ్రోజులు ఇక్కడే ఉంచుదాం అన్నాడు.

భాయ్ నన్ను తిట్టకుండా పోయి మంచం మాట్లాడి వచ్చాడు. తిట్టి ఉంటే బాగుండేది.

నవంబర్ 21

పొద్దున అమ్మీ కళ్లు తెరిచి, "నీ జడేంది గట్లున్నది?" అంది.

ఆసుపత్రి అని కూడా చూడకుండా ఏడ్చాను.

నవంబర్ 24

ఇంటికి తెచ్చాం. స్కాన్ బాగానే ఉంది, మతిమరుపు జబ్బు కాదు. డాక్టర్ ఆ మాట రెండుసార్లు చెప్పాడు, నేను మూడోసారి చెప్పించుకున్నాను. కొత్త ఇన్‌హేలర్ ఇచ్చారు, దీనికి గుండె దడ రావడం లేదు. భాయ్ ఒక్కడే నిజామాబాద్ వెళ్లాడు.

అమ్మీని మెల్లగా అడిగాను, ఎందుకు చేశావని.

"మీ అబ్బ చేసిందే గదా. మంచిగనే అయితుండె."

"ఎంత వేసినవ్ అమ్మీ?"

"పిడికెడు. ఒక్కోసారి రెండు పిడికెళ్లు."

"అబ్బా గంత వేసేటోడా?"

"నాకేం ఎరుక? నేను దుప్పట్ల ఉంటి. ఎంత వేసేది ఆయనకే తెలుసు" అంది.

అబ్బా చిటికెడు వేసేవాడు. తలుపు దగ్గర నుంచి నేను చూసేదాన్ని. అమ్మీ ఎప్పుడూ చూడలేదు.

నవంబర్ 30

ఉమ్మెత్త కట్టలన్నీ కాలేజీ బీరువాలో పెట్టి తాళం వేశాను. డాబా కడిగాను.

డిసెంబర్ 3

అంతా బాగుంది. అమ్మీ బాగా ఊపిరి తీస్తోంది, చదువుతోంది, వండుతోంది. మాటలే తగ్గాయి. రెండు కంచాలు పెడుతుంది. పెట్టే ముందు అల్మారా దగ్గర కాస్త ఆగుతుంది.

పక్క గదిలోంచి ఏమీ వినబడదు. నేను వింటూ ఉంటాను. ఏం వినాలని?

డిసెంబర్ 6

మిరపచెట్టు కుండీలో ఒక మొలక. ఆరబెట్టినప్పుడు ఇచ్చోడ కాయ పగిలి గింజ పడినట్టుంది. రేపు పీకేస్తాను.

డిసెంబర్ 8

పీకలేదు. టైం దొరకలేదు.

డిసెంబర్ 10

తనిఖీ అయిపోయింది. షీట్లు చూసి మెచ్చుకున్నారు. ఇచ్చోడ షీటు మీద మేడం తనే ఇనాక్సియా అని రాసింది. కాయ ముళ్ల సంగతి నేను ఎత్తలేదు. ఆకు ఒక మాట, కాయ ఒక మాట చెప్తుంటే దేన్ని నమ్మాలి?

డిసెంబర్ 13

మొలకకి నాలుగు ఆకులు వచ్చాయి. కుండీ చుట్టూ మట్టి తడిగా ఉంది. నేను నీళ్లు పోయలేదు.

పీకాలి. ఏ జాతో తేలేదాకా ఆగుదామనుకుంటున్నాను, అంతే. కాయ కాస్తే తేలిపోతుంది.

డిసెంబర్ 15

ఇవాళ అమ్మీ బియ్యం ఏరుతూ తల ఎత్తకుండా అడిగింది. "గా ఇచ్చోడ దిక్కు మల్ల ఎప్పుడు పోతవ్?"

"ఎందుకు?"

"ఊకనే."

"దమ్ము వస్తున్నదా అమ్మీ?"

"దమ్ముకు కాదు."

నేనూ పక్కన కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరాను. ఇక ఉండబట్టలేక అడిగేశాను, అబ్బా ఏమనేవాడని. అడక్కూడదని తెలుసు. రెండేళ్లుగా ఆయన మాట వినని దాన్ని నేను కూడా కదా.

అమ్మీ మొహం విచ్చుకుంది. "చెప్పులు బయట ఇడిసి వచ్చేటోడు. అలిసిపోయి. నువ్వు తిన్నవా అని అడిగేటోడు. నీ చెట్ల సంగతి గూడ అడిగిండు. ఏది ఏదో తెలిసిందా పిల్లకు అని."

"నువ్వేమన్నవ్?"

"ఇంక తెలవలే, తన్లాడుతున్నది అన్న."

కొంగుతో కళ్లు తుడుచుకుంది. "జబ్బు తగ్గిందని నువ్వు, ముకర్రం సంతోషపడ్తున్నరు. నేను గూడ సంతోషమే బిడ్డా. గానీ ఆయన రెండుసార్లు పోయిండు నాకు. మొదటిసారి జనమంత వచ్చిండ్రు. గీసారి ఎవలకు చెప్పుకోవాలె?"

అమ్మీ చెయ్యి పట్టుకున్నాను. నాకు చెప్పుకో అని అప్పుడు అనాల్సింది. ఇప్పుడు రాస్తుంటే తోచింది.

డిసెంబర్ 18

మొలక అలాగే ఉంది. ఎవరి కోసం ఉంచుతున్నాను? అమ్మీ కోసమా, నా కోసమా? షీటు కోసం అని మాత్రం ఇక రాయను.

డిసెంబర్ 22

ఆదివారం. బట్టలు ఆరేద్దామని డాబా ఎక్కితే అమ్మీ కుండీ దగ్గర కూర్చుని ఉంది. మొలక జానెడైంది. ఆకుని వేలితో నెమ్మదిగా నిమురుతోంది.

నేను మెట్ల దగ్గరే ఆగిపోయాను. పీకు అనలేకపోయాను. పీకొద్దు అని కూడా అనలేకపోయాను.

"నువ్వు పీకవని నాకు ఎరుకే" అంది అమ్మీ, ఇటు తిరగకుండానే. "నీళ్లు పోసింది నేనే. రోజు పోసిన."

"అమ్మీ..."

"గా రోజు నిన్ను ఎవలమ్మ నువ్వు అన్ననట గదా. ముకర్రం చెప్పిండు. నాకు యాదికి లేదు." ఆకు మీంచి వేలు తీసింది. "మీ అబ్బ కనవడ్డ దినాలు నువ్వు నాకు కనవడలే రుబీ. ఇద్దరు ఒక్కసారి కనవడితె ఎంత మంచిగుండు. గట్ల అయితలేదు."

మొలకని మొదట్లో పట్టుకుని లాగింది. వేరు తెగకుండా మొత్తం వచ్చింది. మట్టి దులిపి, పిట్టగోడ అవతల చెత్తబండి ఆగే చోట పడేలా విసిరింది. తర్వాత రెండు చేతులూ దూరంగా చాపి పట్టుకుంది, కళ్లకి తగలకుండా, చిన్నప్పుడు అబ్బా మాకు నేర్పినట్టు.

"సబ్బు తే" అంది.

సబ్బు తెచ్చి, నీళ్లు పోశాను. కొంగు తడవకుండా పట్టుకున్నాను. చేతులు తుడుచుకుని నా జడ లాగి చూసి, కిందికి రా, నూనె పెడతా అంది.

మొలక ఏ జాతిదో చూడనే లేదు.